మూర్ఛ రకాన్ని బట్టే మందు: ఫిట్స్ లక్షణాలు, చికిత్స విధానం

ప్రతి సంవత్సరం నవంబరు 17వ తేదీని మన దేశంలో జాతీయ మూర్ఛ దినంగా పాటించడం జరుగుతున్నది. ప్రపంచవ్యాప్తంగా సుమారు 5 కోట్ల మంది ఈ వ్యాధితో బాధపడుతున్నారని, వారిలో దాదాపు 80 శాతం మంది అల్ప, మధ్య ఆదాయ దేశాలలోనే ఉన్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వ్యాధిని సరిగా నిర్ధారించి తగిన చికిత్స అందించినట్లయితే 70 శాతం మంది వరకు ఫిట్స్ లేకుండా జీవించగలరని కూడా ఆ సంస్థ పేర్కొన్నది. ఈ మాటలలో అసలు బరువు ‘తగిన’ అనే పదంపైనే ఉన్నది. ఫిట్స్ అనేక రకాలు. ఒక రకాన్ని అదుపు చేసే బిళ్ల మరొక రకాన్ని పెంచవచ్చును. అందువలన ఫిట్స్ ఎలా మొదలైంది, ఎలా సాగింది, ఎంతసేపటికి ఆగింది అన్న వర్ణనే మందు చీటీకి ఆధారమవుతుంది. ఆ సమయంలో రోగికి చాలా సందర్భాలలో స్పృహ ఉండదు కనుక, ఆ వర్ణన ఇవ్వవలసినది పక్కన ఉన్న తల్లి, భర్త, ఉపాధ్యాయుడు లేదా తోటి కూలీ.

తెలుగులో ఉన్న ఒక చిక్కును కూడా ఇక్కడ ప్రస్తావించాలి. ఎండదెబ్బకు కళ్లు తిరిగి పడిపోయినా ‘మూర్ఛపోయాడు’ అంటాము. మెదడులో కలిగే విద్యుత్ అలజడి వలన కొట్టుకున్నా ‘మూర్ఛ వచ్చింది’ అంటాము. అపస్మారం, కాకిసొమ్మ అనే పాత మాటలు వాడుకలో తగ్గి, ఇప్పుడు పల్లెలలో సైతం ‘ఫిట్స్’ అనే మాటే స్థిరపడింది. పత్రికలలో ‘మూర్ఛవ్యాధితో’ అని వ్రాసిన సంఘటనలలో కొన్ని కేవలం సొమ్మసిల్లిపోవడమే కావచ్చును. సొమ్మసిల్లిన వ్యక్తి పాలిపోయి, చెమటలు పట్టి, మెల్లగా జారి పడిపోతాడు. పడుకోబెట్టిన కొద్ది క్షణాలకే తేరుకుంటాడు. ఫిట్స్ వచ్చిన వ్యక్తి తేరుకొనడానికి చాలాసేపు పడుతుంది. నాలుక పక్క భాగం కొరుక్కొనడం, లేచిన తరువాత చాలాసేపు మనుషులను గుర్తుపట్టలేకపోవడం ఫిట్స్‌ను సూచించే ఆనవాళ్లు.

ఒక్కసారి ఫిట్స్ వచ్చినంత మాత్రాన మూర్ఛ వ్యాధి ఉన్నట్లు కాదు. 24 గంటలకు మించిన వ్యవధితో రెండుసార్లు తక్షణ కారణమేదీ లేకుండా ఫిట్స్ వచ్చినప్పుడు, లేదా ఒకసారే వచ్చినా మళ్లీ వచ్చే అవకాశం ఎక్కువగా ఉన్నదని పరీక్షలలో తేలినప్పుడు దానిని మూర్ఛ వ్యాధిగా పరిగణించాలని అంతర్జాతీయ మూర్ఛ నిరోధక సంఘం 2014లో నిర్వచించింది. ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లలకు జ్వరంతో వచ్చే ఫిట్స్ ఈ కోవలోకి రావు. వారిలో అత్యధికులకు రోజువారీ మందుల అవసరం ఉండదు.

మెదడులో ఒక మూల మొదలయ్యే ఫిట్స్

అంతర్జాతీయ సంఘం 2017లో విడుదల చేసి, 2025లో సవరించిన వర్గీకరణ ప్రకారం, మెదడులో అలజడి ఎక్కడ మొదలైందన్నదే మొదటి ప్రశ్న. ఒక భాగంలో మొదలైతే అది పాక్షిక మూర్ఛ, అనగా వైద్యుల భాషలో ఫోకల్. రెండు అర్ధగోళాలలోను ఒకేసారి వ్యాపించిన రూపంలో మొదలైతే అది సార్వత్రిక మూర్ఛ, అనగా జనరలైజ్డ్. పాక్షిక మూర్ఛలో రెండవ ప్రశ్న, ఆ సమయంలో స్పృహ నిలిచి ఉన్నదా లేదా అన్నది. పాత పుస్తకాలలోని ‘సింపుల్ పార్షియల్’, ‘కాంప్లెక్స్ పార్షియల్’ అనే పేర్లకు స్థానంలో వచ్చిన విభజన ఇదే.

పాక్షిక మూర్ఛ కింద పడిపోకుండానే రావచ్చును. ఒక చేతి బొటనవేలు కొట్టుకోవడం మొదలై, ఆ కదలిక మోచేతికి, ముఖానికి పాకవచ్చును. కొందరికి పొట్టలో నుంచి ఏదో పైకి లేచినట్లు అనిపిస్తుంది, లేని వాసన సోకుతుంది. ఆ తరువాత చూపు నిలిచిపోతుంది, పెదవులు చప్పరిస్తారు, బట్టలను అదే పనిగా సవరించుకుంటారు, పిలిచినా పలకరు. ఒకటి రెండు నిమిషాలలో మామూలవుతారు, జరిగినది గుర్తుండదు. ఇటువంటివారిని ‘పరధ్యానం’ అనో, ‘గాలి సోకింది’ అనో సంవత్సరాల తరబడి వైద్యానికి తీసుకురాకపోవడం కద్దు. అలజడి మెదడంతటికీ పాకినప్పుడు మాత్రమే శరీరమంతా బిగుసుకొని కొట్టుకుంటుంది, అప్పుడే ఆసుపత్రికి తెస్తారు. వైద్యుడికి చివరి ఘట్టమే చెప్పి మొదటి ఘట్టం చెప్పకపోతే, పాక్షిక మూర్ఛ సార్వత్రిక మూర్ఛగా నమోదవుతుంది.

ఈ రకానికి కార్బమజెపిన్, లామోట్రిజిన్, లెవెటిరాసెటమ్ ప్రధాన ఔషధాలు. ఆక్స్‌కార్బజెపిన్, లాకోసమైడ్ వంటివి కూడా వాడుకలో ఉన్నాయి. ఫెనిటోయిన్, ఫినోబార్బిటోన్ పాతవైనా ఇప్పటికీ పనిచేసే మందులే.

మన ప్రాంతంలో పాక్షిక మూర్ఛకు కారణాన్ని వెదికేటప్పుడు మరచిపోకూడనిది బద్దెపురుగు. టీనియా సోలియం అనే పురుగు గుడ్లు కలుషితమైన నీటి ద్వారా, సరిగా కడగని కూరల ద్వారా, శుభ్రత లేని చేతుల ద్వారా కడుపులోకి చేరితే, వాటి పిల్ల దశ మెదడులో బుడగలుగా స్థిరపడుతుంది. పంది మాంసం ఎన్నడూ ముట్టని శాకాహారులకు కూడా ఇది వస్తున్నది, ఎందుకంటే ఇక్కడ ప్రమాదం గుడ్ల నుంచి, అనగా మలంతో కలుషితమైన పరిసరాల నుంచి కలుగుతుంది. స్కానింగ్‌లో నిర్ధారణ అయిన తరువాత, బుడగల సంఖ్యను, దశను బట్టి ఆల్బెండజోల్, దానితో పాటు స్టెరాయిడ్ ఇస్తారు. ఫిట్స్ మందు వేరుగా కొనసాగుతుంది. స్కానింగ్ లేకుండా ఆల్బెండజోల్‌ను ఊహతో ఇవ్వడం ప్రమాదకరం, మెదడు వాపు పెరగవచ్చును. మరుగుదొడ్ల నిర్మాణం చూసే అధికారికి మూర్ఛతో సంబంధం ఏర్పడేది ఇక్కడే.

దక్షిణ భారతదేశంలో, ముఖ్యంగా కర్ణాటకలో, వేడినీటి మూర్ఛ అనే మరొక విశేషం ఉన్నది. తలంటు సమయంలో చెంబుతో వేడి నీళ్లు తలపై గుమ్మరించినప్పుడు మాత్రమే కొందరికి ఫిట్స్ వస్తాయి. గోరువెచ్చని నీటికి మారడంతోనే అనేకులకు తగ్గిపోతుంది. తగ్గనివారికి తలస్నానానికి ముందు మాత్రమే క్లోబజామ్ బిళ్ల ఇచ్చే పద్ధతి ఉన్నది.

మెదడంతటా మొదలయ్యేవి

సార్వత్రిక మూర్ఛ అనగానే కింద పడి, బిగుసుకొని, నురుగు కక్కుతూ కొట్టుకొనే దృశ్యమే గుర్తుకు వస్తుంది. దానిని టానిక్ క్లోనిక్ అంటారు. సాధారణంగా రెండు మూడు నిమిషాలలో అది తనంతట తానే ఆగిపోతుంది. వాల్‌ప్రోయేట్, లెవెటిరాసెటమ్, లామోట్రిజిన్ దీనికి వాడే మందులు. అయితే గుర్తింపునకు నోచుకోనివి దీని కన్నా చిన్నగా కనిపించే రెండు రకాలు.

మొదటిది ఆబ్సెన్స్. బడి పిల్లలలో కనిపిస్తుంది. పాఠం చదువుతున్న బాలిక మాట మధ్యలో ఆగిపోతుంది, పది సెకన్లపాటు చూపు నిలిచిపోతుంది, మళ్లీ ఆగిన చోట నుంచే అందుకుంటుంది. రోజుకు పదుల సార్లు ఇలా జరగవచ్చును. ఎక్కాలు అప్పజెప్పలేదని దెబ్బలు తినే పిల్లలలో ఇటువంటివారు ఉండవచ్చునని ఉపాధ్యాయులు గమనించాలి. పిల్లవాడి ముందు కాగితం పట్టుకొని మూడు నిమిషాలపాటు గట్టిగా ఊదమంటే వైద్యుని ఎదుటే అది బయటపడుతుంది. ఇథోసక్సిమైడ్, వాల్‌ప్రోయేట్ దీనికి సరైన మందులు. 2010లో అమెరికాలో వెలువడిన ఒక పెద్ద అధ్యయనంలో ఈ రెండూ లామోట్రిజిన్ కన్నా మెరుగని, ఇథోసక్సిమైడ్ వాడిన పిల్లలలో ఏకాగ్రత తక్కువగా దెబ్బతిన్నదని తేలింది.

రెండవది మయోక్లోనిక్, అనగా ఉలికిపాటు ఫిట్స్. కౌమార వయస్సులో మొదలయ్యే ఈ రకంలో ఉదయం నిద్రలేచిన కొద్దిసేపటికి భుజాలు, చేతులు ఒక్క క్షణం ఎగిరిపడతాయి. చేతిలోని టూత్‌బ్రష్, కాఫీ గ్లాసు జారిపోతాయి. ఇంట్లోవారు దానిని అజాగ్రత్తగానే భావిస్తారు. ఇంటర్మీడియట్ పరీక్షలకు రాత్రంతా మేలుకొని చదివిన మరునాటి ఉదయం పెద్ద ఫిట్స్ వస్తుంది. ఆసుపత్రిలో పెద్ద ఫిట్స్ గురించి మాత్రమే చెబుతారు. గ్లాసు జారిపోయిన సంగతి ఎవరూ అడగరు, వీరూ చెప్పరు. అప్పుడు పాక్షిక మూర్ఛకు ఉత్తమమైన కార్బమజెపిన్ వ్రాసినట్లయితే, ఉలికిపాట్లు తగ్గకపోగా పెరుగుతాయి. ఆబ్సెన్స్ రకంలోనూ కార్బమజెపిన్, ఆక్స్‌కార్బజెపిన్, ఫెనిటోయిన్ ఇదే విధంగా హాని చేయగలవు. మోతాదు పెంచిన కొద్దీ ఫిట్స్ పెరుగుతున్నాయంటే మందు చాలలేదని కాక, రకం తప్పుగా గుర్తించారేమో అని ఆలోచించవలసి ఉంటుంది. ఈ యువకులకు వాల్‌ప్రోయేట్ బాగా పనిచేస్తుంది, యువతులకు లెవెటిరాసెటమ్ వంటివి చూస్తారు. తగినంత నిద్ర ఇందులో మందుతో సమానం.

పసిపిల్లలలో వచ్చే స్పాజమ్స్ విషయంలో ఆలస్యం పనికిరాదు. ఏడాది లోపు శిశువు నిద్ర లేవగానే తల ముందుకు వంచి, చేతులు చాచి, నమస్కారం పెట్టినట్లు వరుసగా పదే పదే ముడుచుకుంటుంది. కడుపునొప్పి అనుకొని వాము నీళ్లు పట్టడం సాధారణం. ఇంగ్లండుకు చెందిన వైద్యుడు విలియం వెస్ట్ 1841లో తన కుమారునిలోనే ఈ లక్షణాలను చూసి లోకానికి తెలిపాడు. మామూలు ఫిట్స్ మందులు దీనికి చాలవు. ఏసీటీహెచ్ ఇంజెక్షన్, ప్రెడ్నిసలోన్, వైగాబాట్రిన్ వాడతారు. చికిత్స వారాలు ఆలస్యమైనా పిల్లల ఎదుగుదలపై ఆ ప్రభావం మిగిలిపోతుంది.

గర్భిణులకు రక్తపోటు పెరిగి వచ్చే ఫిట్స్ మూర్ఛ వ్యాధి కాదు. దానికి మెగ్నీషియం సల్ఫేటే మందు. డయజెపామ్, ఫెనిటోయిన్‌ల కన్నా అదే మేలని 1995లో వెలువడిన అంతర్జాతీయ అధ్యయనంలో స్పష్టమైంది.

మందుల సంగతి

1857లో బ్రోమైడ్‌తో మొదలైన ఆధునిక మూర్ఛ వైద్యం 1912లో ఫినోబార్బిటోన్‌తోను, 1938లో ఫెనిటోయిన్‌తోను మలుపు తిరిగింది. ఫినోబార్బిటోన్ నేటికీ అత్యంత చవకైన మందు. మత్తు కలిగించడం, పిల్లలలో చురుకుదనం తగ్గించడం దాని లోపాలు. ఫెనిటోయిన్‌లో మరొక చిక్కు ఉన్నది. ఒక స్థాయి దాటిన తరువాత మోతాదు కొంచెం పెంచినా రక్తంలో మందు పరిమాణం అమాంతం పెరిగి, రోగి తాగినవానివలె తూలుతాడు. దీర్ఘకాలం వాడితే చిగుళ్లు ఉబ్బుతాయి. కార్బమజెపిన్, లామోట్రిజిన్ మొదలుపెట్టిన తొలి వారాలలో ఒంటిపై దద్దురు కనిపించినట్లయితే వెంటనే వైద్యుని కలవాలి, అది ప్రాణాంతకమైన చర్మవ్యాధికి నాంది కావచ్చును. లామోట్రిజిన్‌ను వారాల తరబడి కొద్ది కొద్దిగా పెంచడానికి కారణం ఇదే. లెవెటిరాసెటమ్ ఇతర మందులతో తగాదా పడదు, కాని కొందరిలో చిరాకు, కోపం పెరుగుతాయి. ఇంట్లోవారు ఆ మార్పును వ్యక్తి స్వభావంగా తీసుకోరాదు.

క్షయ చికిత్సా కేంద్రాల సిబ్బందికి తెలియవలసిన విషయం ఒకటి ఉన్నది. రిఫాంపిసిన్ అనేక ఫిట్స్ మందుల బలాన్ని తగ్గిస్తుంది. ఐసోనియాజిడ్ ఫెనిటోయిన్, కార్బమజెపిన్‌ల పరిమాణాన్ని పెంచుతుంది. క్షయ మందులు మొదలైనప్పుడు, ముగిసినప్పుడు కూడా ఫిట్స్ మందు మోతాదును సరిచూడాలి. వాల్‌ప్రోయేట్ వాడుతున్న రోగికి ఆసుపత్రిలో మెరోపెనెమ్ ఇంజెక్షన్ ఇచ్చినట్లయితే ఒకటి రెండు రోజులలోనే వాల్‌ప్రోయేట్ బలం పడిపోయి ఫిట్స్ తిరగబెట్టవచ్చును.

ఫినోబార్బిటోన్, ఫెనిటోయిన్, కార్బమజెపిన్, సోడియం వాల్‌ప్రోయేట్ జాతీయ అత్యవసర ఔషధాల జాబితాలో ఉన్నవే. ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పది రోజులపాటు నిల్వ అడుగంటితే కలిగే నష్టం ఇతర మందుల కొరత వంటిది కాదు. ఫిట్స్ మందు హఠాత్తుగా ఆగితే, ఆగకుండా వచ్చే ఫిట్స్‌కు దారితీయవచ్చును. ఒక మందు లేదని మరొక దానిని చేతికివ్వడం కూడా, పైన చెప్పిన కారణాల వలన, పరిష్కారం కాజాలదు.

అయిదు నిమిషాలు

అయిదు నిమిషాలు దాటి కొట్టుకుంటున్నా, తేరుకోకముందే మళ్లీ వచ్చినా అది అత్యవసర పరిస్థితి. 108 వాహనాన్ని పిలవాలి. లొరాజెపామ్‌ను నరంలోకి, మిడాజొలామ్‌ను కండలోకి లేదా ముక్కులోకి ఇవ్వడం తొలి చికిత్స. సూది గుచ్చడానికి నరం దొరకనప్పుడు కండలోకి ఇచ్చే మిడాజొలామ్ వెనుకబడదని 2012 నాటి అధ్యయనంలో రుజువైంది. దానికీ లొంగకపోతే లెవెటిరాసెటమ్, ఫాస్‌ఫెనిటోయిన్, వాల్‌ప్రోయేట్‌లలో ఏది ఇచ్చినా ఇంచుమించు సగం మందికి ఆగుతున్నదని 2019లో తేలింది. ఇక్కడ మందు ఎంపిక కన్నా గడియారం ముఖ్యం.

అంతకు ముందు ఇంట్లో, వీధిలో చేయవలసినది స్వల్పం. వ్యక్తిని పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, మెడ దగ్గర బట్టలు వదులు చేయాలి, తల కింద మెత్తగా ఏదైనా ఉంచాలి, సమయం చూసుకోవాలి. తాళం చెవుల గుత్తి చేతిలో పెట్టడం, ఉల్లిపాయ, చెప్పు వాసన చూపించడం వలన ఉపయోగం లేదు. ఆ లోపు ఫిట్స్ తనంతట తాను ఆగుతుంది, ఘనత తాళం చెవులకు దక్కుతుంది. నోటిలో చెంచా పెట్టడం, నీళ్లు పోయడం మాత్రం హానికరం. చుట్టూ ఉన్నవారిలో ఒకరు సెల్‌ఫోనులో ఆ దృశ్యాన్ని చిత్రీకరించి వైద్యునికి చూపించినట్లయితే అది రకం గుర్తించడానికి ఎంతో తోడ్పడుతుంది. ఈఈజీ పరీక్ష మామూలుగా ఉన్నంత మాత్రాన మూర్ఛ లేదని చెప్పలేము. అయితే ఆ చిత్రం వైద్యుని గది దాటి సామాజిక మాధ్యమాలకు చేరకూడదు.

మందులకు లొంగనప్పుడు

స్కాట్లండులో 470 మంది కొత్త రోగులను పరిశీలించి 2000లో ప్రచురించిన అధ్యయనంలో మొదటి మందుతోనే 47 శాతం మందికి, రెండవ దానితో మరో 13 శాతం మందికి ఫిట్స్ ఆగాయి. మూడవ మందు ఒంటరిగా వాడినప్పుడు ఆగినవారు 1 శాతమే. సరిగా ఎంచుకున్న రెండు మందులు విఫలమైతే మూడవ, నాలుగవ మందు చేర్చుకుంటూ ఏళ్లు గడపక, శస్త్రచికిత్సకు అవకాశమున్నదేమో పెద్ద కేంద్రంలో చూపించుకోవాలనడానికి ఇదే ప్రాతిపదిక. తిరువనంతపురంలోని శ్రీ చిత్ర తిరునాళ్ సంస్థలో 1995 నుంచి ఈ శస్త్రచికిత్సలు జరుగుతున్నాయి. న్యూఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థలో మందులకు లొంగని 116 మంది పిల్లలపై జరిపిన అధ్యయనం 2017లో వెలువడింది. శస్త్రచికిత్స పొందినవారిలో ఏడాది తరువాత 77 శాతం మందికి ఫిట్స్ లేవు. మందులతోనే కొనసాగినవారిలో అది 7 శాతం. ప్రతివారికీ ఆపరేషన్ కుదరదు, కొందరిలో కొంత బలహీనత మిగులుతుంది. ఆ నిర్ణయం వైద్యులు, కుటుంబం కలిసి చేయవలసినది.

వివాహం, గర్భధారణ

హిందూ వివాహ చట్టంలో వధూవరుల అర్హతలను చెప్పే నిబంధనలో ఒకప్పుడు మానసిక వ్యాధితో పాటు మూర్ఛ వ్యాధి ప్రస్తావన కూడా ఉండేది. 1999 నాటి వివాహ చట్టాల సవరణ ద్వారా ఆ మాటను తొలగించారు. ప్రత్యేక వివాహ చట్టానికీ ఆ సవరణ వర్తించింది. చట్టం మారినా సంబంధాలు చూసేటప్పుడు వ్యాధిని దాచడం ఆగలేదు. పెళ్లయిన తరువాత అత్తవారింట బిళ్లలు కనిపించకూడదని యువతులు వాటిని మానివేయడం, కొద్ది వారాలలోనే ఫిట్స్ తిరిగి రావడం నాడీ వైద్యులకు పరిచితమైన చరిత్రే.

ఇందులో మందు రకానికి సంబంధించిన ముఖ్యాంశం వాల్‌ప్రోయేట్. గర్భంలో దాని ప్రభావానికి లోనైన శిశువులలో దాదాపు 10 శాతం మందికి అవయవ లోపాలు, 30 నుంచి 40 శాతం మందికి ఎదుగుదల, నేర్చుకొనే శక్తికి సంబంధించిన సమస్యలు కలుగుతున్నాయని ఐరోపా ఔషధ సంస్థ 2018లో దాని వాడకంపై కఠిన నియమాలు విధించింది. గర్భం దాల్చే వయస్సులోని స్త్రీలకు, బాలికలకు దానిని ఇవ్వరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో సూచించింది. లామోట్రిజిన్, లెవెటిరాసెటమ్ ఈ విషయంలో ఎంతో సురక్షితమైనవి. కార్బమజెపిన్, ఫెనిటోయిన్, ఫినోబార్బిటోన్ వాడే స్త్రీలలో గర్భనిరోధక మాత్రలు పూర్తిగా పనిచేయవని కుటుంబ నియంత్రణ సిబ్బంది గుర్తుంచుకోవాలి.

గర్భధారణకు ముందు నుంచే ఫోలిక్ ఆమ్లం బిళ్లలు వాడమని వైద్యులు చెబుతారు. ఆ ఫోలిక్ ఆమ్లాన్ని 1940వ దశకంలో అమెరికాలోని లెడర్లే ప్రయోగశాలలో కృత్రిమంగా తయారుచేసిన బృందానికి సారథి భీమవరంలో జన్మించిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు అని ఈ సందర్భంగా చెప్పుకోవచ్చును.

వాల్‌ప్రోయేట్ వాడుతున్న యువతి గర్భం నిర్ధారణ కాగానే భయపడి దానిని ఒక్కసారిగా ఆపితే తల్లికి, బిడ్డకు కూడా ప్రమాదం. మరొక మందుకు మారడానికి నెలలు పడుతుంది, శిశువు అవయవాలు మాత్రం తొలి వారాలలోనే ఏర్పడతాయి. కావున మందు మార్పు గురించి వైద్యుని అడగవలసిన సమయం సంబంధాలు చూడడం మొదలైనప్పుడే.